దిబ్బ మీదున్న ఆడవాళ్ళందరూ రావాలి

సముద్రం లేని దేశం నుంచి అయిదుగురు ఆడవాళ్ళు గోగులమ్మపాలెం చూడడానికి వస్తున్నారన్న కబురు ఏప్రిల్ మూడో వారంలో తెలిసింది. అవి సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. మరబోట్లన్నీ రేవులో ఒకదానికొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. మగవాళ్ళంతా ఊళ్ళోనే ఉన్నారు. చేతికి పని లేదు, నోటికి మాత్రం కావలసినంత పని. అందుచేత పొద్దున్న పంచాయతీ ఆఫీసులో పుట్టిన కబురు భోజనాల వేళకల్లా మొగల్తూరు రోడ్డెక్కేసింది.

"కిర్గిజ్‌స్థాన్ అంటండి. అంతా కొండలేనంట. అక్కడ కూడా మన పంచాయతీల్లాంటివే ఉంటాయంట, వీళ్ళు వాటిల్లో మెంబర్లంట," అన్నాడు పంచాయతీ సెక్రటరీ గున్నేశ్వరరావు. "మన దగ్గర సగం సీట్లు ఆడవాళ్ళకే కదండీ. మరి ఆడ సర్పంచులు ఊరిని ఎలా నడుపుతున్నారో కళ్ళారా చూస్తారంట. జిల్లా వాళ్ళు మన ఊరి పేరు రాసి పంపేశారు. ఇరవై నాలుగో తారీఖు గ్రామసభ ఉంది కదా, ఆ రోజే వస్తారు."

సర్పంచ్ మరిడమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఆయన ఈ మాటలన్నీ చెప్పాడు. చెప్పింది మాత్రం మరిడమ్మకి కాదు, ఆమె భర్త వీరబాబుకి. మరిడమ్మ లోపల టీ కాస్తోంది. ఆడ సర్పంచ్ ఊరిని ఎలా నడుపుతోందో చూడడానికి వస్తున్నారన్న మాట చెవిన పడేసరికి గరిట పట్టుకున్న చేయి ఆగిపోయింది. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకాలే గుండెలో ఏదో చేప గెంతినట్టయింది.

నాలుగేళ్ళ కిందట ఆ ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్ళకి కేటాయించారు. పెద్దలు వచ్చి వీరబాబునే అడిగారు. వీరబాబు అందరికీ కావలసిన మనిషి, మాటకారి. ఆయన తన భార్య పేరు రాయించాడు. మరిడమ్మ గెలిచింది. గెలిచిన రోజు మెడలో దండలు పడ్డాయి. ఆ మర్నాడు తెల్లవారుజామునే ఎప్పట్లాగే చేపల తట్టతో నరసాపురం ఆటో ఎక్కేసింది. వీరబాబు తెల్ల చొక్కా తొడుక్కుని పంచాయతీ ఆఫీసుకి వెళ్ళాడు. అప్పటినుంచి ఊళ్ళో సర్పంచ్ గారంటే ఆయనే. సెక్రటరీ కాగితం మీద పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టి పంపిస్తే, చేపల చెయ్యి కొంగుకి తుడుచుకుని ఆ గుర్తు దగ్గర సంతకం పెట్టడం మరిడమ్మ వంతు. ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి సంతకం గుండ్రంగా, చూడముచ్చటగా ఉండేది.

అంతమాత్రాన ఆవిడ నోరులేని మనిషనుకుంటే పొరపాటు. నరసాపురం చేపల మార్కెట్లో వేలం పాట మొదలైతే పది మంది మగవాళ్ళ గొంతుల మీదుగా ఆమె గొంతు లేచేది. ఏ తట్టలో చేప పొద్దుటిది, ఏది నిన్నటిది అన్నది దూరం నుంచే చెప్పేసేది. ఆ గొంతు మార్కెట్లో పనికొస్తుంది కానీ ఆఫీసులో పనికిరాదని ఎవరూ ఆమెతో అనలేదు. ఆమే అనేసుకుంది.

"వాళ్ళ ముందు మీరు కుర్చీలో కూర్చోకండి," అని అరుగు మీద సెక్రటరీ వీరబాబుతో నసుగుతున్నాడు. "భర్తలు సర్పంచ్ కుర్చీలో కూర్చోకూడదని పైనుంచి గట్టిగా చెప్పారండి. పక్కన నిలబడి నడిపించేద్దాం."

"ఆయ్, అలాగేనండి. అదెంత పని," అన్నాడు వీరబాబు. ఆ సాయంత్రం ఒక చీటీ రాసి భార్య చేతిలో పెట్టాడు. అందులో మూడు వాక్యాలున్నాయి. అందరికీ నమస్కారం. మా ఊరు వచ్చినందుకు ధన్యవాదాలు. ఇప్పుడు మా వారు మాట్లాడతారు.

"కంఠతా పట్టేయ్," అన్నాడు.

"మూడు ముక్కలకి కంఠతా ఎందుకయ్యా," అంది మరిడమ్మ. చీటీని మడిచి రవికలో దోపుకుంది.

మర్నాడు తబిత వచ్చింది. వాళ్ళ వీధి పిల్లే. డిగ్రీ చదివి నరసాపురంలో ఒక లోకల్ చానెల్లో రిపోర్టరుగా చేస్తోంది. రిపోర్టరంటే పేరుకే. రాజకీయాలు, మీటింగులు, ధర్నాలు మగ రిపోర్టర్లవి. ముగ్గుల పోటీలు, వంటలు, స్కూలు వార్షికోత్సవాలు తబితవి.

"పిన్నీ, విదేశాల వాళ్ళు వస్తున్నారు కదా, నన్నేం తియ్యమన్నారో తెలుసా? వాళ్ళు చేపల పులుసు తింటుంటే కారానికి వాళ్ళ మొహాలు ఎలా మారతాయో లైవ్ ఇమ్మన్నారు," అంది కోపంగా. "గ్రామసభ వద్దంట. ఊరి పంచాయతీ ఎవడు చూస్తాడన్నాడు మా సారు."

"పులుసు మధ్యాహ్నం కదే. సభ పొద్దున్నే. ముందుగా వచ్చి కూర్చో, ఎవరొద్దన్నారు?" అంది మరిడమ్మ. ఆ మాట ఎందుకందో ఆమెకే తెలియదు.

ఇరవై నాలుగో తారీఖున ఎనిమిదిన్నరకే ఎండ మండిపోతోంది. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. రెండు కార్లు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగాయి. మొదటి కారులోంచి జిల్లా ఆఫీసరు దిగాడు. ఆయన వెనకాల గళ్ళ చుడీదార్ వేసుకున్న ఒక అమ్మాయి గబగబా దిగి, రెండో కారు తలుపు తీసింది. ఆ అమ్మాయి పేరు సాయిప్రసన్న. వాళ్ళ నాన్నకి నరసాపురంలో స్టీలు సామాన్ల కొట్టుంది. కిర్గిజ్‌స్థాన్‌లోనే ఆరేళ్ళు డాక్టరీ చదివి వచ్చింది, అక్కడివాళ్ళకి తెలిసిన రష్యన్ మాట్లాడుతుంది. అందుకని ఆమెను బతిమాలి తీసుకొచ్చారు.

అయిదుగురూ దిగారు. వాళ్ళందరిలో పెద్దావిడ పేరు బురుల్. అరవై ఏళ్ళుంటాయి. భారీ మనిషి. తలకి ఎర్ర రుమాలు, పాదాలకి ఈ ఎండలో కూడా తోలు బూట్లు. దిగీ దిగగానే ముక్కు పైకెత్తి గాలి పీల్చి, ఏదో అడిగింది.

"ఈ వాసన సముద్రందేనా అంటున్నారండి," అంది సాయిప్రసన్న.

"ఎండు చేపలదండి," అన్నాడు సెక్రటరీ సిగ్గుపడిపోతూ.

వీరబాబు దండ పట్టుకుని ముందుకొచ్చాడు. బురుల్ దండ వేయించుకుని, ఆయనకి నమస్కారం పెట్టి, ఆయన భుజం మీదుగా చూస్తూ ఇంకేదో అంది.

"సర్పంచ్ గారు ఎవరని అడుగుతున్నారు," అంది సాయిప్రసన్న.

నాలుగు వైపుల నుంచీ చేతులు మరిడమ్మను ముందుకి తోశాయి. బురుల్ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. జిల్లా వాళ్ళు ఇచ్చిన కాగితం ఒకటి తీసి, సాయిప్రసన్నకి చూపించి ప్రశ్న వేసింది.

"మీ గురించి ఇందులో వృత్తి దగ్గర గృహిణి అని ఉందండి. ఇల్లు చూసుకుంటూ ఊరు చూసుకోవడం కష్టంగా లేదా అని అడుగుతున్నారు."

"గృహిణా?" అంది మరిడమ్మ. సెక్రటరీ వైపు తిరిగింది. "అదెవరు రాశారండీ? పద్దెనిమిదేళ్ళ నుంచి నరసాపురం మార్కెట్లో చేపలమ్ముతున్నాను. తెల్లారగట్ల నాలుగింటికి లేస్తాను. ఆదివారం కూడా పనే. ఆవిడకి అది చెప్పమ్మా."

సాయిప్రసన్న నవ్వుకుంటూ చెప్పింది. బురుల్ గట్టిగా నవ్వింది, పై వరసలో ఒక బంగారు పన్ను మెరిసింది. జేబులోంచి పెన్ను తీసి ఆ కాగితం మీద గృహిణి అన్న మాట కొట్టేసి, పక్కన వాళ్ళ భాషలో ఏదో రాసుకుంది.

ఆ ఒక్క కొట్టివేతతో మరిడమ్మకి ఒళ్ళంతా వేడెక్కింది. పాట మొదలవబోయే ముందు మార్కెట్లో కలిగే వేడి అది.

సభ మొదలైంది. మరిడమ్మ కుర్చీలో కూర్చుంది. కుర్చీ వెనకాల, కాస్త పక్కగా, వీరబాబు నిలబడ్డాడు. షామియానా కింద యాభై అరవై మంది మగవాళ్ళు ఉన్నారు. ఆడవాళ్ళు మాత్రం ఆశా వర్కరు, అంగన్‌వాడీ టీచరు, ఇంకో ముగ్గురు, అంతే. మిగతావాళ్ళు రేవు పక్కన ఇసక దిబ్బ మీద ఉన్నారు. మరబోట్లకే నిషేధం కాబట్టి తెప్పల మీద వెళ్ళినవాళ్ళు పొద్దున్నే నెత్తళ్ళ చేపలు తెచ్చారు. ఎండ ఎక్కే వేళకి వాటిని ఇసక మీద పరచకపోతే కుళ్ళిపోతాయి. ఊళ్ళో సగం ఇళ్ళ ఆడవాళ్ళు ఆ దిబ్బ మీదే బతుకుతున్నారు.

మరిడమ్మ లేచి చీటీలోని రెండు వాక్యాలు చెప్పింది. మూడోది చెప్పేలోపలే వీరబాబు మైకు అందుకున్నాడు. ఊరి గొప్పలన్నీ వరసపెట్టి చెప్పాడు. బాగానే చెప్పాడు కూడా. చప్పట్లు కొట్టారు. తర్వాత సెక్రటరీ తీర్మానాల కాగితం తీసి గొంతు సవరించుకున్నాడు. అప్పుడు బురుల్ పక్కకి వంగి సాయిప్రసన్న చెవిలో ఏదో అంది. సాయిప్రసన్న లేచి నిలబడింది.

"వాళ్ళ దగ్గర సభలో కాగితం చదివేది అధ్యక్షురాలేనంటండి. ఇంత దూరం వచ్చింది సర్పంచ్ గారి గొంతు వినడానికి, ఆవిడ చేత చదివించండి అంటున్నారు."

సెక్రటరీ వీరబాబు వైపు చూశాడు. వీరబాబు జిల్లా ఆఫీసరు వైపు చూశాడు. జిల్లా ఆఫీసరు, "అవును, ఆవిడే చదవాలి కదండీ," అన్నాడు.

కాగితం మరిడమ్మ చేతిలోకి వచ్చింది. మొదటి తీర్మానం వీధి దీపాలు. రెండోది మంచినీళ్ళ ట్యాంకు శుభ్రం చేయించడం. ఆఫీసు భాష, మెలికలు తిరిగిన మాటలు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. చదువుతున్న కొద్దీ నాలుక తేలికపడింది. మూడోది స్కూలు ప్రహరీ గోడ. నాలుగోది మొదలుపెట్టింది.

"గ్రామమునకు తూర్పున, రేవునకు ఆనుకొని, పడవల షెడ్డునకు ఉత్తరముగా ఉన్న రెండు ఎకరముల పంచాయతీ స్థలమును, రొయ్యల శుద్ధి షెడ్డు నిర్మాణము నిమిత్తము, అయిదు సంవత్సరముల కాలమునకు లీజుకు ఇచ్చుటకు..."

ఆగిపోయింది. కళ్ళు మూసుకుని మనసులో రేవు దగ్గర నిలబడింది. పడవల షెడ్డుకి వీపు పెట్టి ఉత్తరం వైపు చూసింది.

"ఏవండీ సెక్రటరీ గారూ, ఇది మన దిబ్బ కాదాండీ?"

మైకు నోటి దగ్గరే ఉంది. ఆ మాట షామియానా దాటి, ఆఫీసు డాబా మీది లౌడ్ స్పీకర్లోంచి ఊరంతా వినబడింది.

"అది తర్వాత చూసుకుందాం. అయిదోది చదువు," అన్నాడు వీరబాబు వెనకనుంచి, పళ్ళ మధ్యనుంచి.

"దిబ్బేనా, కాదా?"

"దిబ్బేనమ్మా," అన్నాడు సెక్రటరీ నీళ్ళు నములుతూ. "మీకు తెలుసనుకున్నానండి. నెల కిందటే మీ వారితో మాట్లాడాం."

మరిడమ్మ వెనక్కి తిరిగి మొగుడి మొహంలోకి చూసింది. ఆ మొహంలో దొంగతనం లేదు. అది ఆమెకి తెలుసు. వీరబాబు ఒకరి సొమ్ము తినే మనిషి కాదు. షెడ్డు కడితే ఊళ్ళోంచి రేవు దాకా సిమెంటు రోడ్డు వేస్తామని రొయ్యల కంపెనీ వాళ్ళు మాటిచ్చారు. కిందటి వానల్లో కాన్పు నొప్పులతో ఉన్న పిల్లని మంచం మీద మోసుకెళ్ళవలసి వచ్చింది, అంబులెన్సు ఊళ్ళోకి రాలేక. ఆ రోజు మంచం ముందు కోడు పట్టింది వీరబాబే. రోడ్డు కోసం ఒప్పుకున్నాడు. దిబ్బ మీద ఆడవాళ్ళను ఒక మాట అడగాలన్నది ఆయన ఆలోచనకే రాలేదు. ఇంట్లో మనిషిని అడగాలన్నదే రాలేదు, ఇక దిబ్బ మీద వాళ్ళదాకా ఎక్కడ!

"సెక్రటరీ గారూ, ఈ సభకి కావలసినంత మంది వచ్చారా?"

"అంటే... రూలు ప్రకారం చూస్తే కొంచెం తక్కువేనండి. ఎప్పుడూ తర్వాత ఇళ్ళకెళ్ళి సంతకాలు..."

"తర్వాతెందుకండీ?" అంది మరిడమ్మ.

అప్పుడామె చేసిన పని ఆ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. కాగితం బల్ల మీద పెట్టింది. మైకుని స్టాండు నుంచి పీకి చేతిలోకి తీసుకుంది. నరసాపురం మార్కెట్లో పది గొంతుల మీదుగా లేచే గొంతు పంచాయతీ ఆఫీసులో మొట్టమొదటిసారి లేచింది.

"దిబ్బ మీదున్న ఆడవాళ్ళందరూ రావాలి! నేను మరిడమ్మని, సర్పంచ్‌ని మాట్లాడుతున్నాను. రత్తమ్మ పెద్దమ్మా, జ్ఞానమ్మా, అందరూ వినండి! దిబ్బని లీజుకిచ్చే కాగితం నా చేతిలో ఉంది. మీరు వచ్చి అవునంటే అవును, కాదంటే కాదు. చేపలకి పిల్లల్ని కాపలా పెట్టి, ఉన్నవాళ్ళు ఉన్నట్టు వచ్చెయ్యండి!"

సాయిప్రసన్న నాలుక తడబడుతుండగా అనువాదం చేస్తోంది. బురుల్ కుర్చీ అంచుకి జరిగి కూర్చుంది. మూల నుంచి తబిత గొంతు వినబడింది. ఒక చేత్తో కెమెరా, ఇంకో చేత్తో ఫోను.

"లైవ్‌లోనే ఉన్నాను సార్... లేదు సార్, పులుసు ఇంకా ఉడకలేదు... ఆపమంటారా? ఆపనండి. రేపు తీసేస్తే తీసెయ్యండి నన్ను, ఈ రోజు మాత్రం ఆపను."

రెండు నిమిషాలు ఏమీ జరగలేదు. వీరబాబు, "నవ్వులపాలు చేస్తున్నావు," అన్నాడు గుసగుసగా. మరిడమ్మ రేవు సందు వైపే చూస్తోంది. ఎవరూ రాకపోతే అన్న భయం ఆమెకి అప్పుడే పట్టుకుంది.

ముందు గాజుల చప్పుడు వినబడింది. ఆ తర్వాత మాటలు. రేవు సందు మలుపులోంచి రత్తమ్మ వచ్చింది. డెబ్బయ్యేళ్ళ మనిషి, చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, చేతులకి ఇసక, పొలుసులు. ఆమె వెనకాల పది మంది. వాళ్ళ వెనకాల ఇరవై. ఎండకి నెత్తిన తడి గుడ్డలు వేసుకుని, ఖాళీ తట్టలు చంకన పెట్టుకుని, కొందరు నడుస్తూ, కొందరు పరిగెత్తుతూ వచ్చేశారు. షామియానా సరిపోలేదు. మగవాళ్ళు కుర్చీల్లోంచి లేచి పక్కకి జరగాల్సి వచ్చింది. నెత్తళ్ళ వాసన జిల్లా ఆఫీసరు దాకా వచ్చింది. ఆయన రుమాలు తియ్యబోయి, చుట్టూ చూసి మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

"ఏంటమ్మా మరిడీ, దిబ్బకేం వచ్చింది?" అంది రత్తమ్మ రొప్పుతూ.

మరిడమ్మ తీర్మానం మళ్ళీ మొదటినుంచి చదివింది. ఈసారి ఎక్కడా తడబడలేదు. చదివి, మామూలు మాటల్లో విప్పి చెప్పింది. కంపెనీ వాళ్ళు రోడ్డు వేస్తామన్నారన్నదీ దాచలేదు.

ఒక్కసారిగా అరుపులు లేచాయి. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. వీరబాబు మైకు కోసం చేయి చాచాడు. మరిడమ్మ ఇవ్వలేదు.

"ఆగండి! ఒకరి తర్వాత ఒకరు. పాటలో అందరూ ఒకేసారి అరిస్తే ఎవడి చేప ఎవడికి పోతుంది? చేయి ఎత్తిన వాళ్ళకే మైకు. ముందు రత్తమ్మ పెద్దమ్మ."

"నాకు మైకెందుకే," అంది రత్తమ్మ. "నా పెళ్ళైన మూడో రోజు నుంచి ఆ ఇసక మీద ఎండబెడుతున్నాను. అక్కడ సముద్రం గాలి తగుల్తది, తడి ఆరిపోద్ది. ఇంకెక్కడ పెట్టినా పురుగే. దిబ్బ ఇచ్చేస్తే నేను ఇంట్లో కూచోవాలి. కూచోను. అంతే."

బోటు యజమాని చిట్టియ్య చేయెత్తాడు. "మరి రోడ్డో? కిందటేడు మంచం మోసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. రోడ్డు అక్కర్లేదంటారా?"

"ఆ మంచం మీదున్నది నా కూతురే చిట్టియ్యా," అంది జ్ఞానమ్మ మైకు అందుకుని. "రోడ్డు కావాలి. ఎవరికన్నా నాకే ఎక్కువ కావాలి. కానీ రోడ్డుకి దిబ్బే ఎందుకు ముడెయ్యాలంట? పాత ఐసు ఫ్యాక్టరీ వెనకాల అంత జాగా ముళ్ళకంప పట్టి ఉంది కదా. షెడ్డు అక్కడ కట్టుకోమనండి. ఎవరైనా అడిగారా వాళ్ళని?"

అందరూ వీరబాబు వైపు చూశారు. "అడగలేదు," అన్నాడు. ఆ ఒక్కమాట చెప్పడానికి ఆయన పడ్డ కష్టం మరిడమ్మకి కనిపించింది. మనసు చివుక్కుమంది. అయినా మైకు దించలేదు.

"అయితే చేతులెత్తండి. దిబ్బ లీజుకి ఇవ్వాలన్న వాళ్ళు?"

పదకొండు చేతులు లేచాయి. చిట్టియ్య చేయి సగం దాకా లేచి, ఎందుకో కిందికి దిగిపోయింది.

"వద్దన్న వాళ్ళు?"

షామియానా కింద ఒక్కసారి అల లేచినట్టయింది. గాజుల చేతులు, పొలుసుల చేతులు, వాటి మధ్య మగవాళ్ళ చేతులు కూడా. సెక్రటరీ లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో తప్పి, మళ్ళీ మొదలుపెట్టాడు. ముందు వరసలో ఎర్ర రుమాలు పక్కన కూడా ఒక చేయి నిటారుగా లేచి ఉంది.

"మేడమ్, మీకు ఓటు లేదండి," అన్నాడు సెక్రటరీ ఖంగారుగా.

సాయిప్రసన్న అది చెప్పగానే బురుల్ చటుక్కున చేయి దించేసి, దాంతోనే నోరు కప్పుకుంది. షామియానా అంతా గొల్లున నవ్వింది. జిల్లా ఆఫీసరు కూడా నవ్వాడు. తీర్మానం వీగిపోయింది. దాని స్థానంలో, కంపెనీకి ఐసు ఫ్యాక్టరీ వెనక స్థలం చూపించాలని, దిబ్బ మీద ఆడవాళ్ళకి చేపలు ఎండబెట్టుకోడానికి సిమెంటు దిమ్మలు, తాగడానికి నీళ్ళ కుళాయి వెయ్యాలని కొత్త తీర్మానం రాశారు. దాని కింద మరిడమ్మ పెట్టిన సంతకానికి పెన్సిల్ గుర్తు ఎవరూ పెట్టలేదు.

పులుసు ఆలస్యంగా ఉడికింది. కారానికి ఎవరి మొహం ఎలా మారిందో తియ్యడం తబిత మర్చిపోయింది.

భోజనాలయ్యాక బురుల్ సముద్రం చూస్తానంది. దారిలో మరిడమ్మ చెయ్యి వదల్లేదు. మాట్లాడుతూనే ఉంది, పక్కన సాయిప్రసన్న పరుగులాంటి నడకతో చెబుతూనే ఉంది.

"వాళ్ళ దగ్గర ఊరి సభల్లో వందకి ముప్పై సీట్లు ఆడవాళ్ళకివ్వాలని చట్టం తెచ్చారంటండి, కొన్నేళ్ళే అయిందంట. ఈవిడ అలాగే గెలిచారంట. గెలిచాక మొదటి మూడు నెలలు ఈవిడ మరిది వచ్చి పక్కన కూర్చునేవాడంట. ఈవిడని ఎవరేం అడిగినా ఆయనే చెప్పేవాడంట."

"అయ్యో, అక్కడా అంతేనా!" అంది మరిడమ్మ. "మరేం చేశారంట?"

"ఒకరోజు ఆయన కంటే ముందే వెళ్ళి, ఆయన కుర్చీ మీద తన సంచీ పెట్టేశారంట. ఆయన ఎంత చూసినా తియ్యలేదంట. గుర్రాల దగ్గర పనుంది, వెళ్ళి చూసుకో అన్నారంట."

మరిడమ్మకి నవ్వాగలేదు. బురుల్‌కీ ఆగలేదు. ఇద్దరూ ఇసకలో నిలబడి ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. అంతలో దిబ్బ దాటి సముద్రం కనబడింది. బురుల్ నవ్వు ఆపేసింది. అరవయ్యేళ్ళకి మొదటిసారి చూస్తోంది. కాసేపు అలాగే నిలబడి, బూట్లు విప్పడం కూడా మర్చిపోయి, మోకాళ్ళ లోతు నీళ్ళలోకి నడిచి వెళ్ళిపోయింది. అల వచ్చి లంగా తడిపేస్తే చిన్నపిల్లలా కేకపెట్టింది. మిగతా నలుగురూ ఆమె వెనకాల పరిగెత్తారు. దిబ్బ మీద చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు పని ఆపి చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చేసరికి వీరబాబు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"నలుగురిలో నా పరువు తీశావు," అన్నాడు.

"నేను తియ్యలేదు. నెల రోజులు నా పక్కనే అన్నం తిన్నావు, ఒక్క మాట చెప్పలేదు. నేను కాగితంలో చదివి తెలుసుకున్నాను. పరువు అక్కడ పోయింది."

ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. రేవులో కూర్చుని వల బాగుచేసుకున్నాడు. తబిత తీసిన వీడియో ఈలోపు అన్నవరం దాకా, మండపేట దాకా ఎక్కడెక్కడి బంధువుల ఫోన్లలోకో వెళ్ళిపోయింది. వదినలు, తోడికోడళ్ళు ఫోన్లు చేసి అరిచి మరీ మెచ్చుకున్నారు. ఆయన అవన్నీ వింటూనే ఉన్నాడు. కంపెనీ వాళ్ళ నుంచి మాత్రం ఏ జవాబూ రాలేదు.

మూడో రోజు సాయంత్రం వలలోంచి తల ఎత్తకుండా అడిగాడు. "రోడ్డు సంగతేం చేస్తావు మరి? కంపెనీ వాళ్ళు రాకపోతే?"

"గురువారం మండల మీటింగుంది కదా. వెళ్తాను. అడుగుతాను."

"నేను రానా?"

"వస్తే రా. బయట కూర్చోవాలి మరి."

వీరబాబు వల ముడి ఒకటి బిగించాడు. "రాన్లే. బండి మీద మెయిన్ రోడ్డు దాకా దింపుతాను. బస్సెక్కు," అన్నాడు. ఆ గొంతులో కోపం పూర్తిగా పోలేదు. కానీ పాత ఐసు ఫ్యాక్టరీ వెనక స్థలం కొలతలు తాను మధ్యాహ్నమే అడుగులేసి చూసొచ్చానని చెప్పి, అవి రాసిన చీటీ జేబులోంచి తీసి ఇచ్చాడు.

గురువారం మండలాఫీసు హాల్లో మరిడమ్మ అడుగుపెట్టింది. నాలుగేళ్ళలో అదే మొదటిసారి. మండలంలో ఆడ సర్పంచులున్న ఊళ్ళు ఎనిమిది. మామూలుగా ఆ ఎనిమిది కుర్చీల్లో ఎనిమిది తెల్ల చొక్కాలుండేవట. ఆ రోజు మూడు కుర్చీల్లో చీరలున్నాయి. ఆ ముగ్గురూ ఆమెను చూడగానే గుర్తుపట్టి, "అక్కా, ఇలా రా, ఇక్కడ కూర్చో," అంటూ చోటిచ్చారు. విలేకరుల బల్ల దగ్గర తబిత ఉంది. ఆమెను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. మండల మీటింగు నువ్వే చూసుకో అని పంపించారు.

ఒక్కొక్క ఊరి పేరూ పిలుస్తున్నారు. గోగులమ్మపాలెం అని పిలవగానే మరిడమ్మ లేచి నిలబడింది. వేదిక మీదున్న ఆఫీసరు కాగితాల్లోంచి తల ఎత్తి, ఆమె వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

"మీ వారు రాలేదామ్మా?"

"రాలేదండి. సర్పంచ్ వచ్చింది," అంది మరిడమ్మ. పక్కనున్న ముగ్గురూ కిసుక్కున నవ్వారు. ఆమె స్థలం కొలతల చీటీ విప్పి, మైకు దగ్గరికి లాక్కుని, రోడ్డు సంగతి మొదలుపెట్టింది.